కనబడలేదు

మెడ్‌ఫర్డ్ ఊరి చివర
ఒకప్పుడు పియర్ పళ్ళు పెట్టెలకెత్తిన షెడ్డులో మా ల్యాబు.
వాన పడితే ఇప్పటికీ చెక్క గోడలు
మగ్గిన పళ్ళ వాసన వేస్తాయి.

ఆర్లో టిబెట్స్ వచ్చాడు.
ట్రక్కులో పక్క సీటు మీద
బెల్టు పెట్టి కూర్చోబెట్టి తెచ్చాడు గాజు జాడీని.
రెండు లీటర్ల గంజాయి నూనె,
ముదురు తేనె రంగు,
ఏడాది పంటంతా అందులోనే.
వెంట ఒక కాగితం. పరీక్ష తప్పిందని, ఎందుకు తప్పిందో
నోరు తిరగని ఒకే ఒక్క మాట: మైక్లోబ్యుటానిల్.

"నేను చల్లలేదు" అన్నాడు.
కాసేపాగి, అడక్కుండానే, మళ్ళీ అన్నాడు.

నిజమే చెబుతున్నాడు.
నూనె కూడా నిజమే చెబుతోంది.
యురేకాలో ఎవరి దగ్గరో కొన్న అంటుకొమ్మలు అవి.
తల్లి మొక్కకి బూడిద తెగులు పట్టిన ఏదో ఒక సాయంత్రం
ఎవరో పంపు భుజానికెత్తుకుని వరుస వెంట నడిచారు.
ఆ నడక ఈనెల్లోకి ఇంకి
కొమ్మతో పాటు కొండలు దాటి ఇక్కడికొచ్చింది.
పువ్వులో ఆవగింజంత కూడా లేదు.
పిండి నూనె తీస్తే
మంచి ఎంత చిక్కబడుతుందో చెడూ అంతే చిక్కబడుతుంది.

ఇదే మందు తోటలో పండు మీద ఉంటే
కడుక్కుని తినేస్తాం.
నిప్పు తగిలితే దాని పేరు సయనైడ్.

నా చెయ్యంత పొడుగు గాజు గొట్టంలో
తెల్లటి సిలికా ఇసుక పోసి
వేలితో తట్టి తట్టి సర్దాను, బుడగ లేకుండా.
పైన నూనె, ఆపైన హెప్టేన్.
చుక్క. చుక్క.
బంగారు పట్టీ ఒకటి ముందు దిగుతుంది, తొందరున్న మనిషిలా.
విషానికి పట్టుకునే గుణం ఎక్కువ,
ఇసుకని వదలదు.
ఆ గుణమే దాన్ని పట్టిస్తుంది.

రాత్రి పదకొండుకి మిరేయా ఒకాంపో
నీలం పీపా దొర్లించుకొచ్చింది, వాడేసిన ఇసుక కోసం.
పదిహేనేళ్ళప్పుడు ఇదే షెడ్డులో అమ్మ పక్కన నిలబడి
పళ్ళు కాగితాల్లో చుట్టిన పిల్ల.
అప్పట్లో సాయంత్రానికి వేళ్ళు మండేవట,
ఎందుకో ఎవరూ పరీక్ష చెయ్యలేదట.
పీపాకి చీటీ అంటిస్తూ అడిగింది:
"దీన్నెక్కడ కడుగుతారు?"

గురువారం లారీ వస్తుంది.
ఉత్తరాన ఎక్కడికో పోతుంది.
ఆ ఊరి పేరు రసీదులో ఉంటుంది, నేను చదవను.
ఇన్నేళ్ళ పనిలో నాకు తెలిసిందింతే,
కడగడమంటే చోటు మార్చడం.

తెల్లారి యంత్రం చెప్పింది: కనబడలేదు.
లేదు అని అదెప్పుడూ చెప్పదు.
దానికంత పొగరు లేదు.

మంగళవారం ఆర్లో మూత తీసి
ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు.
వచ్చినప్పుడు ఆ నూనెకి
దేవదారు పొట్టు, నారింజ తొక్క,
కొంచెం తడిసిన కుక్క వాసన ఉండేవి.
ఇప్పుడది లేత పసుపు రంగులో
ఎవరిదీ కానట్టు మెరుస్తోంది.

"ఇది నాదేనా?"
జాడీ కింద అంకె చూపించాను.
"అంకె నాదే" అన్నాడు.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు, దండం పెట్టినంత మర్యాదగా.
ట్రక్కులో జాడీని అదే సీటు మీద పెట్టాడు.
బెల్టు సంగతి మర్చిపోయాడు.

ఆవిరి చేసి మళ్ళీ పట్టిన హెప్టేన్
అర సీసా మిగిలింది. రేపు ఇంకెవరి పంటనో దీంతోనే కడగాలి.
సీసా బిరడా తీశాను.
ద్రావకాల వాసన చూడరాదని
ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలు,
నా దస్తూరీయే.
దేవదారు. నారింజ తొక్క.
కుక్క మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.